కొత్తపాళీ, పాతపాళీ, మన ఇంటి తెలుగు

వార్షిక మలరు సంగతి ఒకటి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. ఇవాళ రాస్తున్నాం. కొంచెం పొడుగుగానే ఉంటుంది. కాఫీ పక్కన పెట్టుకొని చదవండి.

'మేము' అంటే ఎంతమంది అని లెక్కపెట్టొద్దు. రైల్వే పార్సెల్ ఆఫీసులో మూడు పదుల ఏండ్లకు పైగా "మేము విచారించగా", "మా దృష్టికి వచ్చినదేమనగా" అని ఉత్తరాలు రాసి రాసి, 'నేను' అనే మాట మా పెన్నులోంచి ఎప్పుడో జారిపోయింది. అదిగాక ఇప్పుడు చెప్పబోయే తప్పులో మలరు కమిటీలోని ముగ్గురికీ వాటా ఉంది. తప్పు ఒప్పుకునేటప్పుడు పక్కన ఇద్దరుంటే ధైర్యం.

సంగతి ఇది. మలరుకి పాత జ్ఞాపకాలు రాసివ్వమని సభ్యులను అడిగాం. అందరికంటే ముందు ఇచ్చింది ఎనభై దాటిన ఒక అవ్వ. పద్నాలుగు పేజీల నోటుపుస్తకం. అందులో ఉన్నదంతా తెలుగే, కానీ రాసింది తమిళ అక్షరాల్లో. మనలో చాలామంది ఇండ్లలో ఇది మామూలే. మాట అమ్మ ఇచ్చింది, అక్షరం పల్లికూడం ఇచ్చింది. మేము కూడా పదకొండో క్లాసు దాకా తమిళంలో చదివినవాళ్ళమే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన తరువాత, పెద్దబాలశిక్ష పెట్టుకొని, రాత్రి డ్యూటీలో గూడ్సు బండి రాకముందు.

తమిళ అక్షరాల్లో తెలుగు చదవడం చిన్న పని కాదు. అక్కడ క, గ రెండింటికీ ఒకే అక్షరం. త, ద కూడా అంతే. 'గాలి' రాసినా 'కాలి' రాసినా ఒకటే. ఒక సంవత్సరం చందా ఇచ్చినవాళ్ళ పట్టీని అట్లాగే చూసి ఎత్తిరాస్తే, 'దాతలు' అందరూ 'తాతలు' అయిపోయారు. ముప్పై ఏండ్ల కుర్రవాడు కూడా ఆ పట్టీలో తాతే. అవ్వ నోటుపుస్తకంలో మాత్రం మాకు ఎక్కడా తడబాటు రాలేదు. గట్టిగా చదివితే చాలు, ఆమె ఎదురుగా కూచొని మాట్లాడినట్టే ఉంది. పెండ్లయి సాత్తూరు పక్కనుంచి మదురైకి చిన్న గేజి బండిలో వచ్చింది, ఒడిలో తెంకాయ మూట, అత్త ఇంట్లో మొదటిరోజు పొరక ఎక్కడుందో తెలియక పైటకొంగుతో వసారా తుడిచింది, అన్నీ రాసింది.

మేము ఏం చేశాం? దిద్దాం. 'తెంకాయ' కొట్టేసి 'కొబ్బరికాయ' అన్నాం. 'పొరక' తీసి 'చీపురు' పెట్టాం. 'అంగడి' తీసి 'దుకాణం' పెట్టాం. 'నిండా బాగుండాది' అన్నచోట 'చాలా బాగున్నది' అన్నాం. పత్రికల్లో చూసే తెలుగు ఎట్లా ఉంటుందో అట్లా చేశాం. ఆంధ్రా నుంచి ఎవరైనా చదివితే నవ్వకూడదని భయం. దిద్దినదాన్ని శుభ్రంగా టైపు చేయించి, ఒక సాయంత్రం వాళ్ళింటికి పోయి చదివి వినిపించాం. అవ్వ కండ్లు మూసుకొని చివరిదాకా విన్నది. తరువాత అడిగింది: "బాగుండాది నాయనా. ఎవురు రాసినారు ఇది? నేను రాసింది ఏడ?"

కాఫీ తాగి వచ్చేశాం. దారిలో ముగ్గురం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి మేము బీరువా పైనుంచి ఒక పాత పుస్తకం దించాం. దాని కథ చెప్పాలి. 1985లో కాలిపోకముందు మద్రాసు సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది. ఇప్పుడు ఆ చోటులో లోకల్ బండ్ల స్టేషను ఉంది. ట్రైనింగుకి మద్రాసు పోయినప్పుడల్లా అక్కడి పాతపుస్తకాల అంగళ్ళ మీద పడేవాళ్ళం. అప్పుడే తెలుగు కూడబలుక్కొని చదవడం వస్తోంది. ఒక అట్ట మీద 'కొత్తపాళీ' అని కనబడింది. పెన్నుల గురించేమో అనుకొని కొన్నాం. గుమాస్తాకి పెన్ను మీద ఆశ సహజమే కదా. మా చిన్నప్పుడు పాళీని తమిళంలో 'పేనాముళ్ళు' అనేవాళ్ళం, అంటే పెన్ను ముల్లు. పుస్తకం తెరిచిన తరువాత తెలిసింది, ఇది సిరా పాళీ సంగతి కాదు, ముల్లు సంగతే. రాసినాయన తాపీ ధర్మారావు.

ఈ పేరు మన పిల్లలకు తెలియకపోవచ్చు. కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే ఈయన కథ మన కథే.

ధర్మారావు గారు 1887 సెప్టెంబరు 19న బరంపురంలో పుట్టారు. మన ఒడిశా సభ్యులకు చెప్పనక్కరలేదు, మిగతావాళ్ళ కోసం: ఇప్పుడు రైల్వే టైంటేబిల్‌లో 'బ్రహ్మపూర్' అని ఉండే స్టేషనే అది. మద్రాసు నుంచి వెయ్యి కిలోమీటర్ల పైన దూరం. కానీ ఆయన పుట్టినప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోదే. కలెక్టరు ఎక్కడున్నా పై ఫైలు మద్రాసుకే వచ్చేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకొక భాష అయిన బతుకు మనకు తమిళనాడులో ఎట్లాగో, వాళ్ళకు అక్కడ అట్లాగ.

పిల్లవాడు శ్రీకాకుళం, విజయనగరంలో చదువుకొని, పర్లాకిమిడి కాలేజీకి వచ్చాడు. అక్కడ ఆయనకు దొరికిన గురువు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న మన సంఘంలో తెలుగు భాషా దినోత్సవం అని జెండా కట్టి మిఠాయి పంచుతామే, అది ఈయన పుట్టినరోజే. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని పాటుబడ్డారు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఒక్కసారి ఆలోచించండి. రాతే లేదని జనం తీసిపారేసిన భాషను కూచొని విన్న మనిషికి, తన సొంత తెలుగును తానే తప్పు అనడం ఎట్లా కుదురుతుంది?

ఆ కాలపు గొడవ ఏమిటంటే, పుస్తకంలో రాసే తెలుగు వేరు, నోటితో మాట్లాడే తెలుగు వేరు. రాసేది 'గ్రాంథికం'. పరవస్తు చిన్నయసూరి గారి బాలవ్యాకరణం ప్రకారం ఉండాలి. మాట్లాడినట్టు రాస్తే అది గ్రామ్యం, పరీక్షలో మార్కు పోతుంది. గిడుగు వారు, గురజాడ అప్పారావు గారు, ఇంకా కొందరు, శిష్టులు మాట్లాడే వాడుక భాషలోనే పాఠాలు ఉండాలన్నారు. జయంతి రామయ్య పంతులు గారు మొదలైనవాళ్ళు కాదన్నారు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది, గ్రాంథికానికి అది కోట అయింది. కోర్టు కేసులాగా ఏండ్ల తరబడి జరిగింది. గిడుగు వారు 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక కూడా నడిపారు, పాత తాళపత్రాల్లోంచి, పాత పుస్తకాల్లోంచి ఆధారాలు తీసి, మీరు తప్పు అంటున్న మాటలు మీ పెద్దలే రాశారు చూడండి అని చూపించడానికి.

మాకు నవ్వు వచ్చేది ఒక్కచోట. ఈ కొట్లాటకు కేంద్రం ఈనాటి ఆంధ్రా నడిబొడ్డు కాదు. గిడుగు వారు పర్లాకిమిడిలో, పరిషత్తు మద్రాసులో. చిన్నయసూరి గారు కూడా మద్రాసు మనిషే. పచ్చయప్ప బడిలో తెలుగు చెప్పి, తరువాత ప్రెసిడెన్సీ కాలేజీకి పోయినవారు. తెలుగును కట్టినవాళ్ళు, విప్పినవాళ్ళు, ఇద్దరూ ఇప్పటి సరిహద్దుకి అవతలివాళ్ళే. అంటే మన వీధులవాళ్ళే. మరి మనకెందుకు ఈ బెదురు?

పర్లాకిమిడి తరువాత ధర్మారావు గారు మద్రాసు వచ్చి అదే పచ్చయప్ప కాలేజీలో చదివారు. సూరి గారి గ్రాంథికం నడిచిన వసారాలోనే గిడుగు శిష్యుడు నడిచాడన్నమాట. బరంపురం తిరిగిపోయి కల్లికోట రాజావారి కాలేజీలో లెక్కలు చెప్పారు. అక్కడే స్నేహితులతో కలిసి వేగుచుక్క గ్రంథమాల అని పుస్తకాలు వేశారు. లెక్కల మాస్టరు పత్రికల్లోకి వస్తే ఏమవుతుందో చూడండి: మాటకు మాట కూడి, చివర శేషం ఎంత అని అడుగుతాడు.

ఆయన మద్రాసులో పత్రికలు నడిపిన కాలానికి తెలుగు పత్రికల ఊరు మద్రాసే. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే పుట్టింది. బొంబాయి సభ్యులు కూడా కాలరు ఎత్తుకోవచ్చు, మొదటి సంచిక మీ ఊరిదే. ధర్మారావు గారు పనిచేసిన పత్రికల పేర్లు వింటేనే మనిషి తెలుస్తాడు: కొండెగాడు, సమదర్శిని, జనవాణి, కాగడా. కొండెం చెప్పేవాడు ఒకటి, అందరినీ సమంగా చూసేది ఒకటి. ఈ రెండు పనులూ చేయాల్సినవాడే కదా పత్రికా రచయిత!

జనవాణిలో ఆయన సంపాదకీయాలు వాడుక భాషలో రాశారు. ఇవాళ ఇది వార్తే కాదు. ఆ రోజుల్లో మాత్రం సంపాదకీయం అంటే పట్టుపంచె కట్టుకొని రాయాల్సిన భాగం. లోపలి పేజీల్లో ఏదైనా ఉండొచ్చు, అక్కడ మాత్రం సూత్రం తప్పకూడదు. గుళ్ళో గర్భగుడి లాంటిది. ఆ గర్భగుడిలోకి ఇంటిమాటను చేయి పట్టుకొని తీసుకుపోయినవాళ్ళలో మొదటి వరుస మనిషి ధర్మారావు గారు.

ఎందుకు ఇది పెద్ద పని అంటే, ఆ కాలంలో పత్రిక ఎట్లా చదివేవాళ్ళో గుర్తుచేసుకోవాలి. ఒకరు చదివితే పదిమంది వినేవాళ్ళు. అంగడి అరుగు మీద, రచ్చబండ దగ్గర, మా రైల్వే క్వార్టర్సులో వేపచెట్టు కింద కూడా. కండ్లతో చదివేటప్పుడు గ్రాంథికం పరవాలేదు. చెవితో వినేవాడికి మాత్రం మధ్యలో ఒకరు కూచొని అర్థం చెప్పాలి. వార్తలు తంతి మీద ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని గబగబా తెలుగు చేయాలి. ఇంగ్లీషు నుంచి గ్రాంథికానికి, గ్రాంథికం నుంచి చెవికి, రెండు జంక్షన్లలో బండి మారాలి. పార్సెల్ ఆఫీసువాళ్ళం, మాకు తెలుసు: బండి మారినచోటల్లా ఒక మూట తప్పిపోతుంది. వాడుక భాషలో రాయడమంటే ఒక జంక్షను తీసేయడం. సరుకు నేరుగా ఊరు చేరుతుంది.

ఇక మతం సంగతి. ఇక్కడ సభ్యులు కొంచెం ఓర్పుగా చదవాలి. ఆయన 1936లో 'దేవాలయాలమీద బూతుబొమ్మలెందుకు?' అని ఒక పుస్తకం వేశారు. పేరులోనే ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మాకు ఏడెనిమిదేండ్ల వయసులోనే వచ్చింది. తేరు లాగే రోజు చక్రం పక్కన నిలబడి పైకి చూస్తే, కొయ్యబొమ్మల్లో కొన్ని చూడకూడనివి. మా అవ్వ తల మీద ఒక్కటి మొట్టి, "దేముణ్ణి చూడరా, కట్టెను చూస్తావేంది" అనేది. అవ్వ కూడా చూసే ఉంటుంది, లేకపోతే మేము చూస్తున్నది ఏ బొమ్మో ఆమెకెట్లా తెలుస్తుంది? పెద్దలందరూ చూసి, ఎవరూ చూడలేదన్నట్టు నడిచిపోయే విషయాన్ని ఆయన అచ్చులో అడిగారు. తిట్టడానికి అడగలేదు. వేరే దేశాల పాత ఆచారాలతో పోల్చి, కారణం ఏమై ఉంటుందని వెతికారు. అందులో ఆయన చెప్పిందంతా మేము ఒప్పుకుంటామా అంటే, లేదు. ఇవాళ్టికీ శుక్రవారం మీనాక్షమ్మ గుడికి పోకపోతే మాకు కాలు నిలవదు. కానీ అడగడం తప్పని మాత్రం అనలేం. పెండ్లి ఎట్లా పుట్టింది, ఎందుకు ఇట్లా చేసుకుంటున్నాం అని కూడా ఆయన ఒక పుస్తకమే రాశారు. మన సంఘంలో ఏటా పది పెండ్లిండ్లు చేస్తాం, ఒక్కరమైనా ఆ ప్రశ్న అడిగామా? మండపం వాడకం ఎంత అని తప్ప!

1938లో 'మాలపిల్ల' సినిమా వచ్చింది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, ఆయన కూడా పత్రికలు నడిపిన మనిషే. కథ చలం గారిది. మాటలు తాపీ ధర్మారావు గారివి. గుళ్ళోకి అందరినీ రానివ్వాలా వద్దా అనేది అందులో విషయం. అప్పటిదాకా సినిమా అంటే రాజులు, దేవుళ్ళు, నాటకం భాష. ఇందులో మనుషులు మనుషుల్లాగా మాట్లాడారు. మరుసటి ఏడాది, 1939 జూలై 8న, మా మదురైలో వైద్యనాథయ్యరు గారు హరిజనులను వెంటబెట్టుకొని మీనాక్షమ్మ గుళ్ళోకి పోయారు. సినిమా చూసి గుడి తెరిచారని మేము అనడం లేదు. ఆ గాలి అప్పుడు దేశమంతా ఉంది. మేము చెప్పేది వేరే. 'ఇది లోపలికి రాకూడదు' అనే మాట గుడి తలుపు దగ్గరా వినబడింది, పుస్తకం తలుపు దగ్గరా వినబడింది. రెండుచోట్లా ధర్మారావు గారు ఒకే వైపు నిలబడ్డారు.

ఇప్పుడు మిషన్ల సంగతి. పాళీ పోయింది, టైపు వచ్చింది, ఫోను వచ్చింది. రాత మారింది కానీ, రాతకు కాపలా కాసేవాడు పోలేదు. మేము బడిలో చదివేటప్పుడు తమిళంలో 'లై' రాయాలంటే ముందు ఏనుగు తొండంలాగా ఒక చుట్ట చుట్టాలి. ఆ తొండం సరిగ్గా రాక చేతి వేళ్ళ మీద బెత్తం దెబ్బలు తిన్నాం. 1978లో తమిళనాడు ప్రభుత్వం పెరియార్ చెప్పిన మార్పుల్లో కొన్నింటిని ఒప్పుకొని ఉత్తరువు ఇచ్చింది. పదమూడు అక్షరాల రూపం మారింది, తొండం ఒక్కరోజులో పోయింది. పెరియార్ తన 'కుడి అరసు' పత్రికలో 1935 నుంచే అట్లా అచ్చువేయించేవారు. అచ్చుగళ్ళు తగ్గుతాయి, పిల్లలకు సులువు. దెబ్బలు తిన్న మా వేళ్ళకు ఎవరూ నష్టపరిహారం ఇవ్వలేదు! కానీ మేము ఆ రోజే ఒక పాఠం నేర్చుకున్నాం. తప్పు, ఒప్పు అని బెత్తం పట్టుకొని చెప్పేవన్నీ పైనుంచి దిగి వచ్చినవి కావు. కొన్ని అచ్చుగళ్ళ లెక్కలు, కొన్ని ఉత్తరువులు.

తెలుగు అచ్చు అంతకంటే కష్టం. గుణింతాలు, ఒత్తులు, వందల కొద్దీ అచ్చుముక్కలు. కంపోజిటరు రోజంతా నిలబడి, ఒక్కొక్క గడిలోంచి ఒక్కొక్క ముక్క ఏరాలి. కంప్యూటర్లకు లోకమంతా ఒకే లెక్కగా యూనికోడు వచ్చినప్పుడు, 1991 మొదటి కూర్పులోనే తెలుగుకూ తమిళానికీ చోటు దొరికింది. దాని దయవల్లే మేము ఇక్కడ ఇంత పొడుగు రాసి మిమ్మల్ని విసిగించగలుగుతున్నాం. మా మనవరాలు ఇంకొకటి చూపించింది, ఫోనులో మాట్లాడితే చాలు, తెలుగు అక్షరాలు పడతాయట. సంతోషంగా 'నిండా బాగుండాది' అన్నాం. అది 'నిండా బాగుంది' అని రాసింది. మళ్ళీ గట్టిగా అన్నాం. మళ్ళీ దిద్దింది. పండితులు పోయారనుకున్నాం, జేబులో కూచున్నారు. అయితే ఫోనును తిట్టే హక్కు మాకు లేదు. అవ్వ నోటుపుస్తకానికి మేము చేసింది అదే కదా.

ధర్మారావు గారి గురించి ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. ఇది తెలిసినప్పుడు మేము కొంచెంసేపు అట్లాగే కూచుండిపోయాం. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి, ముసలితనంలో ఏం చేశారు? ఒక పాత పద్యకావ్యం ముందు వేసుకొని కూచొని, పద్యం పద్యానికి వ్యాఖ్యానం రాశారు. చేమకూర వేంకటకవి రాసిన విజయవిలాసం అది. అర్జునుడు తీర్థయాత్రకు పోయి ఉలూచి, చిత్రాంగద, సుభద్రలను పెండ్లాడిన కథ. మాట మాటకూ చమత్కారం. ఆ వ్యాఖ్యానానికి 'హృదయోల్లాసం' అని పేరు పెట్టారు. దానికే 1971లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది, ఆయనకు ఎనభై నాలుగేండ్ల వయసులో. 1973 మే 8న పోయారు.

విజయవిలాసం ఎక్కడ పుట్టిందో తెలుసా? తంజావూరులో. పదిహేడో శతాబ్దంలో రఘునాథ నాయకుని కొలువులో. బరంపురంలో పుట్టినాయన తంజావూరులో పుట్టిన తెలుగు పద్యాన్ని విప్పి చెప్పారు. ఈ రెండు ఊళ్ళలో ఏదీ ఇప్పటి తెలుగు రాష్ట్రాల్లో లేదు. తంజావూరు సరస్వతీ మహల్‌లో ఈరోజుకూ తెలుగు తాళపత్రాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. మనం బృహదీశ్వరుణ్ణి చూసుకొని, పక్కనే ఉన్న ఆ లైబ్రరీలోకి తొంగి చూడకుండా బస్సెక్కి వస్తాం.

ఆయన పాత తెలుగు మీద పగతో కొత్త తెలుగు రాయలేదన్నది దీంతో తెలుస్తుంది. పాత అందం ఆయనకు ప్రాణం. కొట్టుకున్నది ఒక్కదానితోనే, ఇట్లా మాట్లాడేవాడికి రాసే హక్కు లేదు అనే మాటతో. 'కొత్తపాళీ' ఒక్కటే కాదు, 'పాతపాళీ' అని కూడా ఆయన పుస్తకం ఉంది. రెండు పాళీలూ ఒకే చేతివి. ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'రాలూ రప్పలూ'. ఇంటిపేరు తాపీ, ఏరుకున్నది రాళ్ళు! సాహిత్యం మీద వ్యాసాలకు 'సాహిత్య మొర్మరాలు' అని పేరు. మొర్మరాలు అంటే మన పొరి, బొరుగులు. సాయంత్రం కాఫీతో పిడికెడు నోట్లో వేసుకునేది. ఇంతకంటే వినయం, ఇంతకంటే కొంటెతనం మేము చూడలేదు.

మన విషయానికి వద్దాం. మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు. ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ, కర్ణాటకలో కన్నడం. ఇక్కడ 2006 చట్టం తరువాత ఒకటో తరగతి నుంచి తమిళం తప్పదు. తమిళం మీద మాకు కోపం లేదు, మాకు అన్నం పెట్టిన భాష. కానీ తెలుగు అక్షరం బడిలో దొరకనప్పుడు మిగిలింది ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో అవ్వ మాట్లాడే తెలుగును కూడా 'ఇది సరైనది కాదు' అని మనమే దిద్దుతూ పోతే, పిల్లలు నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్నవాడికి గ్రాంథికమూ లేదు, వాడుకా లేదు. 'అంగడి' పాత కావ్యాల్లో ఉన్న మాట. మేము దాన్ని కొట్టేసి 'దుకాణం' పెట్టాం. దుకాణం పార్సీ, ఉర్దూల దారిన తెలుగులోకి వచ్చింది. దిద్దేవాడి తెలివి ఇంత!

పోయిన ఆదివారం కమిటీ ముగ్గురం మళ్ళీ అవ్వ దగ్గరికి పోయాం. టైపు చేసిన కాగితాలు చించేశామని చెప్పాం. నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఎడమ పేజీలో ఆమె తమిళ అక్షరాల చేతిరాత ఫోటో, కుడి పేజీలో అదే మాటలు తెలుగు అక్షరాల్లో, తెంకాయ తెంకాయగానే, పొరక పొరకగానే వేస్తామని చెప్పాం. అవ్వ వెంటనే ఒప్పుకోలేదు. "నవ్వుతారేమో నాయనా" అన్నది. ఎన్నాళ్ళుగా ఎవరు నవ్వితే ఆ భయం వచ్చిందో మాకు తెలుసు. ఆ నవ్విన గుంపులో మేమూ ఉన్నాం. అందుకే ఇంత రాశాం.

అవ్వ చివరికి ఒప్పుకున్నది, ఒక షరతు మీద. ఆమె ఒక్కతే కాకుండా, ఇంకా పదిమంది రాస్తేనే వేయాలట. కాబట్టి సభ్యులకు మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూచోండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళంలో, ఒడియాలో, కన్నడంలో, మీకు వచ్చినదాంట్లో రాయండి, ఎత్తిరాసే పని మాది. రాసే ఓపిక లేకపోతే ఫోనులో మాట పట్టి పంపండి. ఒక్కటే కోరిక: దిద్దకండి. దిద్దాలని చేయి దురదపెడితే, ఆ పాళీని కాసేపు మూతపెట్టి పక్కన పెట్టండి. పది నోటుపుస్తకాలు కావాలి. ఇప్పటికి వచ్చినవి మూడు.

ఇట్లు,
మలరు కమిటీ తరఫున, ఒక పాత పార్సెల్ గుమాస్తా